సిరియం మైనం గది

మా నరసన్నపేట సంతలో ఇప్పుడు కిరసనాయిలు డబ్బా మచ్చుకైనా కనపడదు. ఒకప్పుడు అది లేని ఇల్లు లేదు. నాలుగు గ్యాలన్లు పట్టే చదరపు రేకు డబ్బా. అందులో నూనె అయిపోయాకే దాని అసలు బతుకు మొదలయ్యేది. పైరేకు ఉలితో కోసేసి, అంచులు చేతికి గీసుకోకుండా సుత్తితో లోపలికి మడిచేవారు. నోటికి అడ్డంగా కర్ర పెట్టి మేకులు కొడితే నీళ్ళ డబ్బా. అలాంటివి రెండు కావిడికి తగిలించి, హోటళ్ళకి నీళ్ళు పోసి సంసారాలు ఈదినవాళ్ళున్నారు. తుప్పు పట్టాక చీల్చి పరిస్తే పశువులశాలకి కప్పు.

ఆ డబ్బాల్లోకి వచ్చే నూనె తయారైన చోట పనిచేసి, రంగం నుంచి తిరిగొచ్చిన తాత ఒకాయన మా వీధిలో ఉండేవాడు. బర్మా అంతా ఆయనకి రంగమే. కానీ ఆయన పనిచేసింది రంగూన్‌లో కాదు, నదికి అవతలి ఒడ్డున సిరియంలో. ఆ పేరు ఆయన నోట విన్నట్టు నేను ఇంకెక్కడా వినలేదు. సొంతూరి పేరు చెప్పినట్టు చెప్పేవాడు.

సిరియం పాతకాలపు రేవు. 1600 ప్రాంతంలో డి బ్రిటో అనే పోర్చుగీసువాడు దాన్ని పట్టుకుని ఏలాడు, 1613లో బర్మా రాజు చేతిలో చచ్చాడు. తర్వాత ఆ ఊరి దశ తిప్పింది భూమినూనె. ఎగువన ఐరావతి ఒడ్డున యెనాన్‌జౌంగ్‌లో బర్మా కుటుంబాలు తరతరాలుగా చేత్తో తవ్విన బావుల్లోంచి నూనె తోడుకునేవి. 1886లో పుట్టిన బర్మా ఆయిల్ కంపెనీ అక్కడ యంత్రాలు దింపింది. మొదట్లో ముడినూనె నదిలో పడవల మీద దిగేది. తర్వాత వందల మైళ్ళ గొట్టం వేశారు. అదంతా వచ్చి పడేది సిరియం శుద్ధి కర్మాగారంలో. దాని చుట్టూ పొగగొట్టాలు, ట్యాంకులు, దొరల బంగళాలు, కూలీల లైన్లు లేచి ఒక నూనె పట్నం తయారైంది.

ఆ కూలీల్లో మనవాళ్ళు ఎందరో. మా ప్రాంతం అప్పుడు గంజాం జిల్లా. కోతలయ్యాక చేతిలో పని ఉండదు, షావుకారు అప్పు మాత్రం ఉంటుంది. మేస్త్రీ వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. మడపాం దగ్గర వంశధార దాటి కళింగపట్నం చేరితే, ఒడ్డు నుంచి పడవల్లో కెరటాలు తన్నుకుంటూ స్టీమరు దాకా వెళ్ళాలి. డెక్కు మీద ప్రయాణం. అక్కడ దిగాక తిండి, బస, పని అన్నీ మేస్త్రీ చేతిలోనే. కూలిలో వాడి వాటా పోగా మిగిలిందే ఇంటికి. 1931 నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. రేవులో, బియ్యం మిల్లుల్లో, నూనె కర్మాగారంలో బరువు మోసినవాళ్ళలో తెలుగువాళ్ళు పెద్ద భాగం.

తాత పని మైనం గదిలో. బర్మా నూనెలో మైనం ఎక్కువ. నూనెని యంత్రాలతో గడ్డకట్టేంతగా చల్లబరిచి, గుడ్డల మధ్య బిగించి నొక్కితే నూనె జారిపోయి మైనం బిళ్ళల్లా మిగిలేది. దాన్ని గీకి తీసే పని ఈయనది. తర్వాత ఆ మైనాన్ని వేడిగదిలో చెమటలు పట్టించి, మిగిలిన నూనె కార్చి తెల్లబరిచేవారు. ప్రపంచంలో ఎక్కడెక్కడో దేవుళ్ళ ముందు వెలిగిన కొవ్వొత్తులకి అది ముడిసరుకు. "సలంటే సిరియంలోదిరా గుంటా! ఈ పుష్యమాసం సలి ఓ సలేటి?" అనేవాడు. మాట్లాడుతూ వేళ్ళు ముడిచి విప్పేవాడు. గోళ్ళ కింది చర్మం గట్టిపడి, గీతలు గీతలుగా ఉండేది.

1930 సంగతి మాత్రం అడిగితే లేచి వెళ్ళిపోయేవాడు. ఆ మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, కంపెనీలు బర్మావాళ్ళని పనిలో పెట్టాయి. రాజీ కుదిరి మనవాళ్ళు తిరిగి పనికి రాగానే, పని పోయిన ఆ పేదలకీ ఈ పేదలకీ మధ్య కత్తులు లేచాయి. ఎందరో మనవాళ్ళు వీధుల్లో చచ్చారు. ఇద్దరి కడుపులతోనూ ఆడుకున్నవాళ్ళకి మాత్రం ఏమీ కాలేదు. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ మండుతుంది.

1941 డిసెంబరు 23న జపానువాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. 1942 మార్చి 7న, నగరం వదిలిపోతూ ఇంగ్లీషువాళ్ళే సిరియం కర్మాగారాన్ని పేల్చేశారు, శత్రువుకి చుక్క నూనె దక్కకూడదని. తాత ఆ పొగ చూడలేదు. అప్పటికే ప్రోమ్ మీదుగా అరకాన్ కొండల దారి పట్టాడు. ఆ దారిలో కలరా. నాలుగైదు లక్షల మంది భారతీయులు ఆ ఏడాది బర్మా విడిచి వచ్చారు, వేలమంది దారిలోనే పడిపోయారు. ఉండిపోయినవాళ్ళలో చాలామందిని 1960ల్లో నె విన్ ప్రభుత్వం వెళ్ళగొట్టింది. వాళ్ళు ఓడల్లో విశాఖలో దిగారు. కంచరపాలెం బర్మా క్యాంపు అలా పుట్టిందే.

మనకి శాసనాలున్న రాజుల చరిత్ర ఉంది. శ్రీముఖలింగం గోడల మీద ఎవరెవరు ఎన్ని దీపాలు పెట్టించారో చదువుకోవచ్చు. దేశమంతా దీపాలకి నూనె తయారుచేసిన మనవాళ్ళ పేర్లు మాత్రం ఏ గోడ మీదా లేవు. సిరియం పేరు ఇప్పుడు థాన్‌లిన్. కళింగపట్నంలో రేవు పోయింది, దీపస్తంభం మిగిలింది. ఆ నూనె ఇక్కడ అమ్మిన బర్మా షెల్ కంపెనీ 1976లో ప్రభుత్వపరమైంది.

ఇప్పుడు మా జిల్లా కుర్రాళ్ళు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా గల్ఫ్ రిఫైనరీలకి వెళ్తున్నారు. ఆనాటి మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయేవాడు. ఈనాటి ఏజెంటుకి కుర్రాడే పొలం తాకట్టు పెట్టి డబ్బు కట్టాలి. విమానం ఎక్కే ముందు ఆ కుర్రాళ్ళ పేరు, ఊరు, చేరే చోటు పంచాయతీలో ఒక పుస్తకంలో రాసిపెట్టమని నేను సర్పంచుల్ని అడుగుతూనే ఉన్నాను.