సుప్తి తితిక్ష కాదు: వార్ధక్యంలో పాదసంరక్షణ

పంచ కర్మేంద్రియాలలో పాదం ఒకటి. దాని వ్యాపారం గమనం. వాక్కుకు అగ్ని, హస్తాలకు ఇంద్రుడు, పాదాలకు విష్ణువు అధిష్ఠాన దేవతలని తత్త్వబోధ బోధిస్తుంది. మూడడుగులతో ముల్లోకాలను కొలిచిన త్రివిక్రముణ్ణి పాదాలకు అధిదేవతగా నిలపడంలోని ఔచిత్యం వేరుగా చెప్పనక్కరలేదు. వేదాంతపాఠం వినే సాధకులలో చాలామందికి ఈ పట్టిక కంఠస్థమే. కానీ అదే సాధకుణ్ణి "అయ్యా, తమ అరికాలిని తాము చివరిసారి ఎప్పుడు చూచుకున్నారు?" అని అడిగి చూడండి. సమాధానం రాదు. స్వామి పాదాలకు నిత్యం తులసీదళార్చన చేస్తాము. గురుపాదాలను కడిగిన తీర్థాన్ని శిరస్సున చల్లుకుంటాము. శ్రీరామపాదుకలను భరతుడు సింహాసనం మీద నిలిపి నందిగ్రామం నుండి రాజ్యపాలన చేసిన ఘట్టం వింటే కన్నులు చెమరుస్తాయి. ఇంత పాదభక్తి గల జాతి తన సొంత పాదాల విషయంలో ఇంత ఉదాసీనంగా ఉండటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

నేను ఉండేది లింగంపేటలో. వయస్సు 71. పదునాలుగు సంవత్సరాలుగా మధుమేహంతో సహవాసం. మా తరంవారికి బాల్యంలో చెప్పులు ఊరు దాటేటప్పుడు తొడుక్కొనే వస్తువు మాత్రమే. పొలం గట్ల మీద, నాటు మడిలో, తుమ్మచెట్ల కింద, అంతటా ఉత్తకాళ్ళే. మా ఊరి నాగన్నబావి మెట్లు ఎక్కి దిగుతూ పెరిగినవాళ్ళం. శతాబ్దాల నాటి ఆ దిగుడుబావిని ఈమధ్య పునరుద్ధరించిన తరువాత దూరప్రాంతాల నుండి కూడా చూడవస్తున్నారు. నేనూ ఒకనాటి సాయంకాలం వెళ్ళి పైమెట్టు మీద నిలబడ్డాను. బాల్యంలో రెండేసి మెట్లు దూకిన కాళ్ళు ఇప్పుడు ఒక్కొక్క మెట్టు అంచును వ్రేళ్ళతో తడుముకుంటున్నాయి. దిగడం ఎక్కడం కంటె కష్టమని యౌవనంలో ఎవరు నమ్ముతారు?

వయస్సుతో పాదంలో కలిగే మార్పులను సాధకులు ఒకసారి శ్రద్ధగా వినాలి. ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు. దేహంలోని 206 ఎముకలలో నాలుగవ వంతు రెండు పాదాలలోనే ఉన్నాయి. వాటిని బంధించి ఉంచే స్నాయువులు వార్ధక్యంలో సడలుతాయి, వంపు కుంగుతుంది, పాదం కొంత పొడవు, వెడల్పు పెరుగుతుంది. నలభయ్యవ ఏట సరిపోయిన చెప్పు కొలతే డెబ్బయ్యవ ఏట కూడా సరిపోవాలని నియమం లేదు. మడమ కింద మెత్తగా ఉండే మేదస్సు పొర పలుచబడుతుంది. చెమట తగ్గి చర్మం ఎండుతుంది, మడమలు బీటలు వారుతాయి, గోళ్ళు మందమై వంకరపోతాయి. ఇవన్నీ కాలధర్మం. మధుమేహం తోడైతే మాత్రం మరొక ప్రమాదం చేరుతుంది. నాడులు క్రమంగా క్షీణించి పాదానికి స్పర్శజ్ఞానం తగ్గుతుంది. దానితోపాటు రక్తప్రసరణ కూడా మందగిస్తే చిన్న గాయమైనా మానదు.

మా బావగారి ఉదంతం చెప్పకుండా ఈ వ్యాసం ముందుకు సాగదు. ఆయన పరమ హనుమద్భక్తుడు. ప్రతి శనివారం ఉపవసించి, మధ్యాహ్నం నల్లరాతి పరుపు మీద నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసేవారు. వైశాఖమాసపు ఎండలో మేమందరం ఒక నీడ నుండి మరొక నీడకు పరుగులు తీస్తుంటే ఆయన మాత్రం నింపాదిగా అడుగులు వేసేవారు. "బావా, కాళ్ళు కాలుతలేవా?" అంటే నవ్వి, "స్వామి దయరా, సురుకు సుత అంటుతలేదు నాకు" అనేవారు. చూచేవారు కూడా అది తపఃఫలమే అనుకున్నారు. కొందరు ఆయన పాదాలకు మొక్కారు కూడా.

అటువంటి ఒక శనివారం తరువాత నాలుగవ నాడు పక్కదుప్పటి మీద రక్తపు మరక కనబడినది మా అక్కకు. ఆమె ఆయన పాదాన్ని ఎత్తి చూస్తే అరికాలిలో రూపాయి బిళ్ళంత బొబ్బ చిట్లి ఉంది. చిటికెనవ్రేలి మొదట విరిగిన తుమ్మముల్లు. దాని చుట్టూ నలుపు. ఆయనకు రెండూ తెలియవు. నొప్పి లేదు గనుక పసుపు అద్ది మరో వారం గడిపారు. చివరకు పట్నంలో ఆ వ్రేలును తీసివేయవలసి వచ్చింది. "చీమ కుట్టినట్టయినా కాకపాయె గదరా" అని ఆసుపత్రి మంచం మీద ఆయన పదేపదే అన్నారు. శస్త్రచికిత్స కంటె ఆ మాటే ఆయనను ఎక్కువగా బాధించిందని నా అభిప్రాయం. ఇరవై ఏళ్ళుగా స్వామి ప్రసాదమని భావించినది రోగలక్షణమని తెలియడం సామాన్యమైన దుఃఖం కాదు.

సాధకులు ఇక్కడ నిలిచి విచారించవలసిన విషయం ఒకటుంది. శమాది షట్కసంపత్తిలో తితిక్ష ఒకటి. శీతోష్ణాలను, సుఖదుఃఖాలను చింతించక, విలపించక సహించడం తితిక్ష. గీతలో రెండవ అధ్యాయపు 14వ శ్లోకంలో భగవానుడు అర్జునునికి ఉపదేశించినదీ దీనినే. అయితే సహించడానికి ముందు తెలియాలి కదా! ఇంద్రియానికి విషయంతో సంయోగం కలిగి, వేదన తెలిసి, బుద్ధి చలించకుండా నిలిచినప్పుడే అది తితిక్ష. వేదనే తెలియని చోట సహించేది ఏమున్నది? పాదానికి ఉష్ణం తెలియకపోవడానికి శాస్త్రంలో పేరు వేరే ఉన్నది, సుప్తి. చరకుడు ప్రమేహరోగానికి పూర్వరూపాలను చెబుతూ కరపాదాల సుప్తతను, దాహాన్ని స్పష్టంగా పేర్కొన్నాడు. అంటే తిమ్మిరి, మంట. ఎన్నో శతాబ్దాల క్రితమే ఈ సంకేతాన్ని గుర్తించిన సంప్రదాయంలో పుట్టి, సుప్తిని సిద్ధిగా భ్రమించడం మనకు తగదు. ఆశ్రమాలలో, భజనమండలులలో ఈ భ్రమ మా బావగారి ఒక్కరిదే కాదని నేను గమనించాను.

ఈ సత్యాన్ని ఆధునిక వైద్యం నేర్చుకున్న చోట్లలో ఒకటి మాకు ఎంతో దూరం కాదు. కామారెడ్డి దాటి నిజామాబాదు వైపు వెళ్తే డిచ్‌పల్లి. అక్కడి ప్రాచీన రామాలయ శిల్పం చాలామందికి తెలుసు. అదే డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు వైద్యురాలు కుష్ఠరోగులకు ఆసుపత్రి స్థాపించింది. నర్సాగౌడ్ అనే హిందూ దాత అందుకు ధనసహాయం చేశాడు. కుష్ఠంలో వ్రేళ్ళు వాటంతటవే కుళ్ళి రాలిపోతాయని లోకం అప్పుడు నమ్మేది. ఆ నమ్మకం తప్పని నిరూపించినవాడు వేలూరులో 1946 నుండి పనిచేసిన పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు. రోగం నాడులను చంపుతుంది. నొప్పి తెలియని రోగి వేడి గిన్నె పట్టుకుంటాడు, మేకు మీద నడుస్తాడు, పుండుతోనే పొలం పని చేస్తాడు. వ్రేళ్ళు పోవడం ఈ గాయాల వలననే. ఆయన దృష్టిలో నొప్పి ఒక వరం. దక్షిణభారతంలోని కుష్ఠరోగుల కోసం సిద్ధమైన మెత్తని సూక్ష్మరంధ్రాల రబ్బరు పాదరక్షలే నేడు మధుమేహరోగులకు వైద్యులు వ్రాసి ఇచ్చే ఎం.సి.ఆర్. చెప్పులు. ఒకప్పుడు సమాజం ఊరవతలికి నెట్టిన వారి పాదాల నుండి వచ్చిన విద్య ఈనాడు మన అందరి పాదాలను కాపాడుతున్నది.

పాదరక్షలు ధరించడం వైరాగ్యానికి విరుద్ధమని అనుకునేవారు శాస్త్రాన్ని చూడాలి. పాదత్రధారణం కన్నులకు, చర్మానికి హితకరమనీ, పాదాల ఉపద్రవాలను పోగొడుతుందనీ చరకసంహిత సూత్రస్థానం చెబుతుంది. సుశ్రుతుడు ఇంకా కఠినంగా, ఎల్లప్పుడూ చెప్పులు లేక తిరగడం ఆరోగ్యానికి, ఆయుస్సుకు, కన్నులకు హాని అన్నాడు. వాగ్భటుడు నిత్యాభ్యంగాన్ని విధిస్తూ శిరస్సుకు, చెవులకు, పాదాలకు విశేషంగా చేయమన్నాడు. రాత్రి పడుకునే ముందు కొంచెం కొబ్బరినూనెతోనో నువ్వులనూనెతోనో మడమలను, అరికాళ్ళను మర్దించుకోవడం మా ఇంట్లో ఇప్పుడు నిత్యవిధి. పగుళ్ళు తగ్గాయి, నిద్ర కూడా బాగున్నది. చచ్చిన నాడి మాత్రం నూనెతో తిరిగి రాదు. ఆ ఆశ చూపి తైలాలు అమ్మేవారిని నమ్మకండి. వ్రేళ్ళ సందులలో నూనె పూయరాదు. అక్కడ తడి నిలిచి చర్మం చెడి పుండవుతుంది. సంధ్యావందనానికి ముందు కాళ్ళు కడుగుకునే ఆచారం మనకు ఉండనే ఉన్నది. కడిగిన తరువాత ఆ సందులను పొడిబట్టతో ఒత్తుకోవడం ఒక్కటి చేర్చుకుంటే చాలు.

వేడినీళ్ళలో కాళ్ళు నానబెట్టడం వృద్ధులకు ఎంతో ప్రీతి. స్పర్శ తగ్గినవారికి అది ప్రమాదం. నీటి వేడిని పాదంతో కాక మోచేతితో చూడాలి, లేదా ఇంట్లో మరొకరు చూడాలి. గోళ్ళను తిన్నగా కత్తిరించాలి, మూలలను లోతుగా తవ్వరాదు. ఆనెకాయలను బ్లేడుతో కోయడం, వాటికి అంగడిలో దొరికే ఆమ్లపు పట్టీలు అంటించడం రెండూ కీడే. ఎరుపు, వాపు, చీము, నలుపు, జ్వరం వీటిలో ఏది కనబడినా ఆనాడే వైద్యుని వద్దకు వెళ్ళాలి, సంతనాటి దాకా ఆగరాదు. కొంతదూరం నడవగానే పిక్కలు పట్టి, ఆగితే తగ్గితే అది రక్తనాళాల సంగతి. మా ప్రాంతంలో బీడీ అలవాటు విస్తారం గనుక ఇది మరీ ముఖ్యం, పొగ ఆ నాళాలనే సన్నగిలజేస్తుంది. మధుమేహం ఉన్నవారు సంవత్సరానికి ఒకసారైనా పాదపరీక్ష అడిగి చేయించుకోవాలి. పది గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాను దారాన్ని అరికాలికి తాకించి, కన్నులు మూసుకున్న రోగిని తెలిసిందా అని అడుగుతారు. క్షణాల పని. నడుస్తుండగా హవాయి చెప్పు జారిపోయినా తెలియకపోతే పరీక్ష దాకా ఆగనక్కరలేదు, సుప్తి వచ్చినదనే గ్రహించాలి. చెప్పు కొనేటప్పుడు సాయంకాలం, కాళ్ళు కొంత ఉబ్బి ఉన్నప్పుడు, కొలత చూసి కొనండి. ముందు భాగం వెడల్పుగా, మడమ వెనుక పట్టీతో ఉండాలి. తోలు ఆచారానికి అడ్డమనేవారికి ఎం.సి.ఆర్. తోలు కాదు, రబ్బరు.

స్త్రీల విషయంలో ఒక మాట. మెట్టెలు పెళ్ళినాటి కొలతవి. వయస్సుతో వ్రేళ్ళు ఉబ్బి, మెట్టె చర్మంలోకి ఒరుసుకుపోయినా, సౌభాగ్యచిహ్నమని తీయరు. మా అక్కకూ అదే పట్టుదల. అవుసలి ఇంటికి వచ్చి వాటిని కోసి, వెడల్పు చేసి, ఆ పూటకే తిరిగి తొడిగాడు. సౌభాగ్యానికి లోటు రాలేదు, వ్రేలు దక్కింది.

ఇక ప్రదక్షిణల ప్రశ్న. ఎండ నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం నల్లరాయి యాభై దాటి కాగుతుంది. చాలా ఆలయాలలో తెల్లరంగు వేయడం, పట్టాలు పరిచి నీళ్ళు చల్లడం జరుగుతున్నది. అవి లేని చోట సూర్యోదయానికి ముందే వెళ్ళవచ్చును. నూలు మేజోళ్ళకు అనుమతి ఉన్నదేమో అర్చకస్వామిని అడగవచ్చును. అవి తెల్లనివైతే రక్తపు మరక వెంటనే కనబడుతుంది. అయ్యప్ప, హనుమద్దీక్షలు తీసుకునే వృద్ధులు మండలకాలం ఉత్తకాళ్ళతో తిరుగుతామని పట్టుబట్టకుండా, తమ మధుమేహం సంగతి గురుస్వామికి ముందే విన్నవించుకోవాలి. శరీరస్థితిని బట్టి నియమాన్ని సడలించగల వివేకం గురువుకు ఉంటుంది. అడగడమే మనకు చేతకాదు. అసలు పూజాంతంలో నిలబడిన చోటనే తిరిగే ఆత్మప్రదక్షిణను మన పెద్దలు విధించే ఉన్నారు కదా. అశక్తునికి అది తక్కువ ఫలమని చెప్పిన శాస్త్రం నా కంటబడలేదు.

మా బావగారు ఇప్పుడు శనివారం తెల్లవారుజామున మూడు ప్రదక్షిణలు చేసి, మిగిలినవి మండపంలో కూర్చుని జపంగా పూర్తి చేస్తారు. మొదట్లో సిగ్గుపడ్డారు. ప్రతి రాత్రి మనుమరాలు ఆయన కాళ్ళకు దండం పెట్టేటప్పుడు అరికాళ్ళను కూడా తిప్పి చూస్తుంది. చేతిలో చిన్న టార్చి. ఒకనాడు ఆమె, "తాతా, ఈడ ఎర్రగున్నది" అన్నది. కొత్త చెప్పు పట్టీ ఒరుసుకున్న గుర్తు. మరునాడే పట్టీ మార్పించారు.