చెదలు తిన్న చిట్టా

మా తాతగారు గంజాం జిల్లాలో గ్రామ కరణముగా నుండిరి. 1936 ఏప్రిల్ 1న ఆ ప్రాంతము మద్రాసు రాజధాని నుండి విడివడి ఒరిస్సాలో చేరినను వారి లెక్కల పద్ధతి మాఱలేదు. అడంగలులో పొలము వారీగాను, చిట్టాలో రైతు వారీగాను వివరములు వ్రాసెడివారు. ఒక వానకాలమున చిట్టాకు చెదలు పట్టెనట. అధికారి రాకముందే క్రొత్తది వ్రాసి పెట్టుమని పలువురు తొందర చేసిరట. తాతగారు అట్లు చేయలేదు. చెదలు తిన్న పుస్తకమును ఉన్నదున్నట్లు ప్రక్కనుంచి, అడంగలును ముందు పెట్టుకొని, ఒక్కొక్క పొలము నుండి రైతు పేరును తిరిగి రాబట్టిరి. తెలియని చోట ఖాళీ విడిచి, ఆ రైతునే పిలిపించి అడిగిరి. చిన్ననాట నాయనగారి నోట విన్న ఈ కథ అరువదేండ్లు దాటిన పిదప నాకు అక్కఱకు వచ్చునని నేననుకొనలేదు.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురము వద్ద తీరము దాటిన రాత్రి, బరంపురములో మా సంఘపు బీరువాలోని పాత సంచికలు తడిసి ముద్దయినవి. మిగిలిన వానినైన కాపాడవలెనని స్కాను చేయించితిమి. పెద్దల పాటలను, పెండ్లి పదములను రికార్డు చేయించితిమి. అన్నిటిని అద్దెకు తీసుకొనిన ఒక సర్వరులో ఉంచితిమి. క్రమముగా మన కుటుంబముల దుకాణముల వెబ్‌సైట్లు 12, మెయిలు పెట్టెలు 61 అందులో చేరినవి. దాని కరణీకము నాకు దక్కినది.

సర్వరులో వెబ్‌సైట్ల పుటలు, పాటలు, ఉత్తరములు ఫైళ్లుగా వేర్వేరు సంచులలో ఉండును. ఏ పేరు ఏ సంచికి చెందినది, ఏ మెయిలు పెట్టె యెవరిది, దాని పాస్‌వర్డు ఏది అను వివరములు మాత్రము ఒక డేటాబేసులో ఉండును. అదియే సర్వరునకు చిట్టా. నిర్వహణకై మనము తెఱచు ప్యానెలు ఆ చిట్టాను చదివి, వెబ్ సర్వరునకు కావలసిన అమరిక ఫైళ్లను వ్రాసిపెట్టును.

2023 మే నెలలో ఒకనాటి తెల్లవాఱుజామున ప్యానెలు తెఱుచుకొనలేదు. వెబ్‌సైట్లు మాత్రము యథాప్రకారము కనబడుచుండెను. అవి మునుపే వ్రాయబడిన అమరిక ఫైళ్లతో నడచుచున్నవి గనుక వానికి చిట్టాతో వెంటనే పనిలేదు. చూడగా డిస్కు నిండిపోయియున్నది. కంగారులో నేను సర్వరును బలవంతముగా ఆపి, మరల నడిపించితిని. అదియే నా తప్పు. మరియాడీబీ అను డేటాబేసు ఇక లేవలేదు. సాధారణముగా ఇట్టి ఆఘాతమును అది తట్టుకొనగలదు. ప్రతి మార్పును ముందుగా ఒక లాగులో వ్రాసికొని, తిరిగి లేచునప్పుడు దానిని చూచి సరిచేసికొనును. ఈ పర్యాయము 16 కిలోబైట్ల పుట యొకటి చెడిపోయినది. పుటపై నున్న సరిచూపు సంఖ్య లోపలి వ్రాతతో కలియుటలేదని దోషముల లాగు చెప్పుచుండెను.

ముందునాటి నకలు ఉన్నదా యని వెదకితిని. డిస్కులో చోటు చాలుటలేదని దినదినము తీయు నకలును నెల క్రిందట నేనే ఆపించి, ఆ మాట మఱచితిని!

సాయము చేయుటకు వచ్చిన మా మేనల్లుడు, “మామయ్యా, అమరికలన్నీ మళ్లీ తయారుచేయమని ఒక్క కమాండు ఇస్తే సరిపోదా?” అనెను. నా వ్రేళ్లును ఆ మీటల మీదనే ఉన్నవి. అప్పుడు తాతగారి కథ మనసున మెదలినది. చెడిన చిట్టాను చూచి వ్రాయించినచో మంచి అమరికలు సైతము చెరిగిపోవును. మాకు మిగిలిన అడంగలు అవియే.

కమాండు ఇయ్యలేదు. డేటాబేసును ఆపి, దాని సంచి నంతటిని మఱియొక యంత్రములోనికి నకలు తీసితిమి. పాత లాగు ఫైళ్లను తరలించి డిస్కులో చోటు చేసితిమి. చెడిన పుటలున్నను డేటాబేసును లేపుటకు ఫోర్స్ రికవరీ అను అమరిక యొకటి కలదు. దానికి 1 మొదలు 6 వఱకు మెట్లు. 4వ మెట్టు నుండి పైకి పోయినచో ఉన్న వివరములే శాశ్వతముగా చెడు ప్రమాదము కలదు. 1వ మెట్టుననే డేటాబేసు లేచినది. వెంటనే పట్టికలన్నిటిని బయటికి వ్రాయించితిమి. పని తుదివఱకు సాగినది. మేనల్లుడు సంతోషముతో చప్పట్లు కొట్టెను.

అయినను లెక్కించి చూచితిమి. డిస్కుపై మెయిలు సంచులు 61. బయటికి వచ్చిన పట్టికలో 52. ఆ మెట్టులో డేటాబేసు చెడిన పుటను దాటి ముందునకు పోవును గనుక తొమ్మిది పేర్లు జారిపోయినవి. అందులో ఒకటి మా సంఘపు చిరునామాయే. కుటుంబములవారు తమ తాతల ఉత్తరముల ప్రతులను పంపెడిది దానికే. లెక్కింపక పోయినచో ఆ సంచులు సొంతదారు లేని పొలములై మిగిలియుండెడివి.

నెలనాటి పాత నకలులో ఏడు పేర్లు దొరికినవి. తరువాత తెఱచిన రెండింటి చిరునామాలు సంచుల పేర్లను బట్టి తెలిసినవి గాని పాస్‌వర్డులు లేవు. ఒక పెట్టె, మాకు పెండ్లి పాటలు పాడి యిచ్చిన ఒక వృద్ధురాలిది. ఆమెకు ఫోను చేసి సంగతి చెప్పితిని. “నువ్వేం దిగులుపడకు నాయనా, క్యాలెండరు వెనకాల రాసుకున్నాను” అనెను. ఆమె మనుమడు దానిని చూచి తిరిగి నమోదు చేసెను. డేటాబేసును క్రొత్తగా నిర్మించి పట్టికలను అందులో నింపి, 61 పేర్లును సరిపోయిన పిమ్మటనే అమరికలను తిరిగి వ్రాయించితిమి. అప్పటికి రెండవనాటి సాయంకాలమైనది.

నాటినుండి ప్రతి మాసము మొదటి ఆదివారమున నకలు తీసి, వేఱొక యంత్రములో దానిని నింపి, పేర్లు లెక్కించుచున్నాము. నింపి చూడని నకలును నమ్మరాదు. పాస్‌వర్డులు లేకుండ పేర్ల పట్టిక నొకదానిని కాగితముపై అచ్చు తీసి సంఘపు బీరువాలో ఉంచుచున్నాము.

ఈ సంచికను చదువు కుటుంబములవారికి నా మనవి యొకటి. తరములుగా పరభాషా ప్రాంతములలో నున్న మన యిండ్లలో పాత దస్తావేజులు, ఉత్తరములు, పాటల పుస్తకములు ఇంకను కలవు. కాని ఏది యెవరి యింట నున్నదో, ఏ పాట యెవరికి వచ్చునో తెలుపు చిట్టా పెద్దల జ్ఞాపకములో తప్ప మఱెక్కడను లేదు. వారుండగనే అడిగి వ్రాసికొనుడు. ఆ వ్రాసిన దానికి ఒక నకలు తీసి వేఱొక యింట ఉంచుడు.

తాతగారి చెదలు తిన్న చిట్టా నేటికిని మా యింట కొయ్యపెట్టెలో నున్నది. క్రొత్తది వ్రాసిన పిదప కూడ వారు దానిని పాఱవేయలేదు. చెడిన ఆ డేటాబేసు నకలును నేనును చెరిపివేయలేదు.