సీసాలో కొండగాలి

ఓసారి మీ వంటింట్లో ధనియాల డబ్బా మూత తీసి వాసన చూడండి. పక్కనే ఏలకులు, దాల్చినచెక్క, అతిమధురం ఉంటే అవీ ముక్కు దగ్గర పెట్టుకోండి. ఇప్పుడు నేనొక మాట చెబితే ఆశ్చర్యపోతారు. ఇంగ్లీషు దొరలు మోజుపడి తాగిన జిన్ అనే మద్యంలో వాసన కోసం వేసే దినుసుల్లో ఇవన్నీ ఉంటాయి! వీటికి పెద్దక్కలాంటి దినుసు ఒకటి మాత్రం మన పోపులపెట్టెలో ఉండదు. దాని పేరు జూనిపర్. చలిదేశాల్లో, చల్లటి కొండల మీద పెరుగుతుంది. ఆ కాయ పడకపోతే దాన్ని జిన్ అనరు.

"ఇదేమిటమ్మా, ఆడవాళ్ళ పత్రికలో మందు సంగతులు?" అని మూతి విరవకండి. ఆ చెట్టును నేను లడఖ్‌లో కళ్ళారా చూసొచ్చాను. దాని కథ తెలిస్తే మీకూ దానిమీద ప్రేమ పుడుతుంది.

లేహ్ పట్టణం సముద్రమట్టానికి 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కణ్ణించి సింధు నది పక్కగా పడమటికి కారులో వెళ్ళి, లికిర్ దగ్గర కొండల్లోకి తిరిగితే హెమిస్ షుక్‌పాచన్ అనే ఊరొస్తుంది. షుక్‌పా అంటే లడఖీ భాషలో జూనిపర్. ఆ చెట్లున్న ఊరు కాబట్టే ఆ పేరు. దారిపొడుగునా కొండలు ఎండిపోయిన మట్టిముద్దల్లా ఉంటాయి. గడ్డిపోచ కూడా కనిపించదు. ఊరు చేరేసరికి మాత్రం బార్లీ చేలు, ఆప్రికాట్ చెట్లు, అక్రోటు చెట్లు! ఊరి పక్కనే మెలికలు తిరిగిన మొద్దులతో, పొరలు పొరలుగా ఊడే బెరడుతో జూనిపర్ తోపు ఉంది. ఆకులు దూరం నుంచి మన సరుగుడులా కనిపిస్తాయి. కాయలు మిరియాలకన్నా కాస్త పెద్దవి. నల్లద్రాక్ష మీద ఉండే తెల్లని బూడిదలాంటి పొర వీటిమీదా ఉంటుంది. రాలిన కాయను వేళ్ళతో నలిపాను. పచ్చకర్పూరం, మిరియం, నారింజ తొక్క మూడూ కలిపి నూరినట్టు గుప్పుమంది. చెయ్యి కడుక్కున్నా సాయంత్రం దాకా ఆ వాసన పోలేదంటే నమ్మండి!

మేము దిగిన ఇంటి ఇల్లాలు తెల్లవారగానే నిప్పుల మీద జూనిపర్ ఆకు వేసి, ఆ పొగ గదిగదికీ పట్టింది. అచ్చం మనం శుక్రవారం సాంబ్రాణి వేసినట్టే! ఆమెకీ నాకూ మధ్య వచ్చీరాని హిందీయే దిక్కు. "ఆచే-లే" అని పిలిచాను. అంటే అక్కగారూ అని. వెన్నవేసి చిలికిన ఉప్పు టీ చేతికిచ్చి, "పండక్కి దేవుడికి తప్ప ఆ తోపులో మేము కొమ్మ విరవం. రాలింది ఏరుకుంటాం" అంది. అక్కడి ఊళ్ళలో గ్రామదేవతకి లాతో అనే చిన్న కట్టడం ఉంటుంది. దానిమీద జూనిపర్ కొమ్మల కట్ట నిలబెడతారు. లోసర్ అనే వాళ్ళ కొత్త సంవత్సరం పండక్కి పాతవి తీసి కొత్తవి పెడతారు. మన ఊళ్ళలో వేపచెట్టుకి ఎంత మర్యాదో అక్కడ దీనికంత.

ఆ మర్యాదకి కారణం లేకపోలేదు. ఆ చలికి, ఆ కరువునేలకి చెట్టు అంగుళం అంగుళంగా పెరుగుతుంది. లడఖ్ తోపులోవి పెద్ద చెట్లు. జిన్‌లో మామూలుగా వాడే జూనిపర్ దీని చెల్లెలు. హిమాలయాల్లో ఎత్తున, నేలబారుగా పెరిగే ముళ్ళపొద అది. దాని కాయ పండడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. ఒకే కొమ్మ మీద ఈ ఏటి పచ్చికాయా, పండిన నల్లకాయా పక్కపక్కనే ఉంటాయి. నల్లది తీసుకుని పచ్చిది వదిలెయ్యాలి. ఆత్రపడి కొమ్మంతా దూస్తే వచ్చే ఏటికి, ఆపై ఏటికి కూడా కాయ ఉండదు.

ఇక తయారీ సంగతి. ధాన్యం పులియబెట్టి తీసిన, ఏ వాసనా లేని సారాయిలో జూనిపర్ కాయలు, ధనియాలు, నిమ్మతొక్క వగైరా నానబెడతారు. రాగి పాత్రలో మరిగిస్తే ఆవిరి ఆ వాసనల్ని మోసుకుని గొట్టంలోకి పోతుంది. అక్కడ చల్లబడి బొట్లుబొట్లుగా కారుతుంది. మొదట వచ్చిందీ, చివర వచ్చిందీ పక్కన పెట్టేసి నడిమిది ఉంచుకుంటారు. తర్వాత నీళ్ళు కలుపుతారు. కొండ పేరుతో జిన్ చేసేవాళ్ళ పనితనమంతా దినుసుల పాళ్ళలోనే ఉంది. ఆ కొండ మీద తిరిగి దేవదారు చిగురు, అడవిపూలు, పుల్లటి పళ్ళు ఏవేవి వాసనేస్తాయో గుర్తుపెట్టుకుని, వాటిలో ఏది ఎంత వెయ్యాలో చూసుకుంటారు. రసంలో ఇంగువలాగే, జూనిపర్ మోతాదు మించితే వార్నిష్ కంపు, తగ్గితే ఊరూపేరూ లేని నీళ్ళు.

2018లో గోవాలో తయారుచేసి విడుదల చేసిన ఒక జిన్‌కి హపుసా అని పేరు పెట్టారు. అది జూనిపర్‌కి సంస్కృతం పేరు. మన ఆయుర్వేదంలో హపుష అంటారే, అదే! అందులో హిమాలయాల జూనిపర్‌తో పాటు పసుపు, మామిడి, బెంగాల్ గంధరాజ నిమ్మ కూడా ఉన్నాయి. దొరలు మన దినుసులు పట్టుకెళ్ళి చేసుకున్నదాన్ని మనవాళ్ళు మన కొండ కాయతో చేశారన్నమాట. పనితనాన్ని మెచ్చుకోవాల్సిందే.

మెచ్చుకున్నాను కదా అని రెండో సంగతి మరిచిపోలేను. 18వ శతాబ్దంలో లండన్‌లో ఈ జిన్నే చవగ్గా దొరికి ఎన్ని కొంపలు కూల్చిందో! దానికి "తల్లుల పాలిటి శని" అని అర్థమొచ్చే మారుపేరే ఉంది. 1736లోనూ, 1751లోనూ అక్కడి ప్రభుత్వం చట్టాలు తెచ్చి కట్టడి చెయ్యాల్సివచ్చింది. మనకీ ఈ చరిత్ర కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు అక్షరాలు నేర్చుకుంటూ, ఆ చదువు ఇచ్చిన ధైర్యంతోనే సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సీసా ఎంత అందంగా ఉన్నా, లోపల ఏ కొండ గాలి ఉన్నా, ఆ తల్లుల కన్నీళ్ళు మనం మరవకూడదు.

నేనైతే ఆ చుక్క ముట్టను. మీ ఇంటి అబ్బాయో, విదేశంలో ఉన్న బంధువో కొండ పేరున్న సీసా తెచ్చి గొప్ప చెబితే మాత్రం ఒక ప్రశ్న వెయ్యండి. "నాయనా, ఈ కాయ ఏ కొండది? పండినవే ఏరారా, కొమ్మలు నరికారా? ఏరిన ఆడకూలికి ఎంత ముట్టింది?" ఆ సమాధానం కూడా సీసా మీద రాసి ఉన్నప్పుడే అది కొండ పేరు పెట్టుకోవాలి. ఆచే-లే ఊళ్ళో దేవుడి కోసం కూడా లెక్కపెట్టి విరుస్తారు. మనం విలాసం కోసం అడిగేటప్పుడు ఇంకెంత ఆలోచించాలి!

వెళ్ళేవాళ్ళకి: జూన్ నుంచి సెప్టెంబరు దాకా మంచి కాలం. ఢిల్లీ నుంచి లేహ్‌కి విమానాలున్నాయి. దిగగానే తిరుగుళ్ళు పెట్టుకోకండి. గాలి పల్చన కాబట్టి రెండు రోజులు కదలకుండా ఉండి, నీళ్ళు బాగా తాగండి. హెమిస్ అనే పెద్ద మఠం వేరే ఊరు, లేహ్‌కి అటు పక్క ఉంది. డ్రైవరుతో షుక్‌పాచన్ అని వత్తి చెప్పండి. తోటల్లో అందానికి పెంచే జూనిపర్ కాయలు మాత్రం నోట్లో వేసుకోకండి, వాటిలో విషపు రకాలున్నాయి. గర్భిణులు ఏ రకం జూనిపరూ వాడకూడదు. ఇంట్లో సారాయి కాచడం నేరం, ప్రాణాపాయం కూడా.

పిల్లలకీ పనికొచ్చే షర్బత్: చెంచాడు ధనియాలు, రెండు ఏలకులు, నాలుగు మిరియాలు కచ్చాపచ్చాగా దంచండి. రెండు గ్లాసుల నీళ్ళు మరిగించి, దించి, ఈ పొడీ, చిన్న అల్లం ముక్కా, ఒక నిమ్మకాయ పైతొక్కా వెయ్యండి. లోపలి తెల్లపొర వస్తే చేదు. మూతపెట్టి పది నిమిషాలుంచి వడకట్టండి. నాలుగు చెంచాల పంచదార కలిపి, పూర్తిగా చల్లారాక నిమ్మరసం పిండండి. జూనిపర్ లేకపోయినా ఎండాకాలం సాయంత్రం కొండగాలి తగిలినట్టే ఉంటుంది. చేసి చూసి, మీ ఇంట్లోవాళ్ళు ఏమన్నారో రాయండి.