మాంత్రికుని కాపలా

ఉద్యోగానికై బెంగుళూరు వెళుతూ మా అమ్మాయి మా ఫోనులో ఒక ఆటను వదలి వెళ్ళింది. పేరు ‘కింగ్‌డమ్ రష్ వెంజెన్స్’. ఉరుగ్వే దేశపు ఐరన్‌హైడ్ సంస్థ 2018లో విడుదల చేసినది. ఈ ఫరీదాబాదు చలి రాత్రులలో మేము దీనికి లోబడినామని ఒప్పుకొనక తప్పదు.

దారి పొడవునా బురుజులు కట్టి, అలలు అలలుగా వచ్చే సేనను ఆపడమే ఆట. 2011 నాటి తొలి ఆటలో ప్రతినాయకుడైన వెజ్‌నాన్ అనే మాంత్రికుడే ఇందులో మన ప్రభువు. ‘పాతాళభైరవి’ (1951)లో ఎస్.వి. రంగారావు గారి నేపాళ మాంత్రికుణ్ణి చూసి మురిసిన వారికి దుష్టపక్షపు వినోదం కొత్త కాదు. ఆ కొలువులోని రాక్షసుల వెకిలి చేష్టలకు మేము ఒంటరిగా నవ్వుకొన్నాము. ప్రతి రంగానికి ముందే ఐదు రకాల బురుజులు ఎన్నుకోవాలి. ఎన్నిక తప్పితే మధ్యలో దిద్దుబాటు లేదు. డిజైను విభాగం వారికి ఇది తెలిసిన బాధే.

ఫోనులో కొన్ని బురుజులకు విడిగా సొమ్ము చెల్లించాలి. అది ఒక లోపం. అంతకన్న పెద్దది మరొకటున్నది. రాజ్యం కొల్లగొట్ట బయలుదేరిన మాంత్రికుడు చేసేదీ దారి కాపలాయే! వరద గేట్ల వద్ద ఏళ్ళ తరబడి కాపలా కాసిన మాకు అక్కడా అదే కొలువా?

అయినా మానలేదు. రాత్రి తొమ్మిదింటికి ఫోను మోగుతుంది. “నాన్నగారూ, ఈవేళ ఏ ఐదు?” అంటుంది అమ్మాయి. అవి చెప్పిన తరువాతనే, భోజనం చేసినదో లేదో మేము అడుగుతాము.