పిడికెడు బియ్యం, కొండంత చర్చి

ఐజాల్‌లో పొద్దు త్వరగా కుంగుతుంది. చలికాలమైతే ఐదింటికల్లా చీకటే. ఆ వేళకే ఇళ్లలో రాత్రి భోజనానికి ఎసరు పెట్టేస్తారు. మిషన్ వెంగ్ దిగువన, కొండ అంచు పట్టుకుని వేలాడుతున్నట్టున్న ఓ ఇంట్లో నేను అతిథిని. రోడ్డు మీంచి లోపలికి అడుగుపెట్టి, అక్కణ్నుంచి రెండంతస్తులు కిందకు దిగితే వంటిల్లు. ఇంటావిడకు అరవై దాటాయి. చిన్న డబ్బాతో బియ్యం కొలిచి గిన్నెలో పోసింది. కడగబోతూ ఆగి, గిన్నెలో చేయి పెట్టి పిడికెడు తీసి, పొయ్యి పక్కనున్న ఎర్రమూత డబ్బాలో వేసింది. తర్వాత ఏమీ జరగనట్టే గిన్నెను కుళాయి కింద పెట్టింది.

దీన్నే మిజోలు ‘బుహ్‌ఫాయ్ థామ్’ అంటారు. మనకు వడ్లు, బియ్యం, అన్నం అని వేర్వేరు మాటలున్నట్టే వాళ్లకూ ఉన్నాయి: బుహ్, బుహ్‌ఫాయ్, చో. థామ్ అంటే పిడికెడు. వంట చేసిన ప్రతిసారీ పిడికెడు బియ్యం దేవుడి పేరిట పక్కన పెట్టడం 1910లో మొదలైంది. మిజోరం ప్రెస్బిటీరియన్ చర్చి మహిళలు నేటికీ దాన్ని వదల్లేదు. వారానికోసారి మహిళా సంఘం సభ్యులు ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగు చేస్తారు. అమ్మగా వచ్చిన డబ్బు చర్చికి వెళుతుంది. ఈ పద్ధతిలో ఏటా కోట్ల రూపాయలు సమకూరుతున్నాయి. అవి బడులకు, వైద్యానికి, రాష్ట్రం వెలుపలికి పంపే సువార్తికుల జీతాలకు ఉపయోగపడతాయి. కోట్ల సంగతి వినగానే ఆశ్చర్యపోతాం. కానీ నన్ను కదిలించింది ఆ అంకె కాదు, ఆవిడ చేతివేళ్లు. ఎందుకంటే ఆ చేయిని నేను ఎప్పుడో చూశాను.

పల్నాటి పల్లెలో మా అమ్మమ్మ వంటింట్లోనూ ఓ మట్టి ముంత ఉండేది. గుంటూరుకు 1842లో హేయర్ అనే లూథరన్ మిషనరీ వచ్చిన దరిమిలా ఆ చుట్టుపక్కల పుట్టిన సంఘాల్లో మాదొకటి. ‘అది దేవుడి ముంత, ముట్టుకోబాకరా’ అనేది. కూలికి పోయొచ్చిన రోజు, ఇంట్లో నూకలే ఉన్న రోజు కూడా అందులో కొంచెం పడేది. అమ్మ పట్నం వచ్చాక ముంత పోయి కవరు వచ్చింది. నా తరానికి కవరు కూడా పోయి క్రిస్మస్ మాత్రం మిగిలింది. కాబట్టి మిజోరానికి నేను పూర్తిగా పరాయివాడిలా వెళ్లలేదు. అలాగని సొంతవాడినీ కాను.

ఇప్పుడు వెళ్లడం తేలికే. ఒకప్పుడు అస్సాంలోని సిల్చార్ నుంచి సుమోలో కూర్చుని, మలుపు మలుపుకీ దండం పెట్టుకుంటూ రావాలి. 1998లో లెంగ్‌పుయ్ విమానాశ్రయం తెరిచారు. 2025 సెప్టెంబరులో బైరబీ నుంచి సైరాంగ్ దాకా రైలొచ్చింది. దాదాపు 51 కిలోమీటర్ల మార్గంలో 48 సొరంగాలు. బోగీలో వెలుగూ చీకటీ ఒకదాన్నొకటి తరుముకుంటూ ఉంటాయి. బయటివారికి ఇన్నర్ లైన్ పర్మిట్ మాత్రం తప్పనిసరి. సైరాంగ్‌లో దిగితే ఐజాల్‌కు కొండెక్కే టాక్సీలుంటాయి. ఈ ప్రాంతానికే 1894 జనవరి 11న త్లాంగ్ నది మీద పడవలో ఇద్దరు ఇంగ్లిషువాళ్లు వచ్చారు: జె.హెచ్. లోరెన్, ఎఫ్.డబ్ల్యూ. సావిజ్. లిపి లేని భాషకు రోమన్ అక్షరాలు కూర్చి నాలుగేళ్లలోపే వెళ్లిపోయారు. 1897లో వేల్స్ నుంచి డి.ఇ. జోన్స్ వచ్చాడు. తొలి బాప్తిస్మాలు 1899లో జరిగాయి, అదీ ఇద్దరికి. 2011 జనగణన నాటికి రాష్ట్ర జనాభాలో 87 శాతం పైచిలుకు క్రైస్తవులు. జనవరి 11 ఇప్పుడు మిజోరంలో సెలవు దినం.

అంకెలు అలా ఉంచి కాలం చూడండి. పిడికెడు బియ్యం మొదలైన మరుసటి ఏడాదే, 1911-12లో, కొండల మీద వెదురు పూసింది. దాదాపు 48 ఏళ్లకోసారి పూస్తుంది. ఆ గింజలు తిని ఎలుకలు మందలుగా పెరిగి పంటల మీద పడతాయి. దాన్ని ‘మౌతామ్’ అంటారు, వెదురు కరువు. అంటే ఈ అలవాటు పుట్టీ పుట్టగానే కరువు నోట్లో పడింది. అయినా బతికింది. 1959లో మళ్లీ మౌతామ్. సర్కారు సరిగా పట్టించుకోలేదన్న కోపంతో కరువు సహాయానికి పుట్టిన సంస్థే 1961లో మిజో నేషనల్ ఫ్రంట్ అయింది. 1966 మార్చిలో తిరుగుబాటు, ఐజాల్ మీద వైమానిక దళం బాంబులు, ఆ తర్వాత ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించి రోడ్ల పక్క శిబిరాల్లోకి తరలించడం జరిగాయి. 1986 ఒప్పందం దాకా శాంతి లేదు. ఆ రాయబారాల్లో చర్చి పెద్దల పాత్ర ఉంది. విదేశీ మిషనరీలు 1960ల చివరికల్లా వెళ్లిపోయారు. చర్చిని నిలబెట్టడానికి మిగిలింది ఇక్కడివాళ్లే.

‘అప్పుడూ వేసేవారా, తిండి లేనప్పుడు?’ అని ఆవిడనడిగాను. ఇంగ్లిషూ హిందీ కలిపి మాట్లాడుకుంటున్నాం. పెద్దావిడను ఇక్కడ ‘కా పీ’ అని పిలవాలని టాక్సీ అబ్బాయి ముందే నేర్పాడు.

ఆవిడ నవ్వింది. ‘బియ్యం లేని రోజున వెయ్యలేదు. వండిన రోజున వేశాం. వండిందాంట్లోంచి కదా తీసేది, మిగిలిందాంట్లోంచి కాదు.’

కిటుకంతా అక్కడే ఉంది. డబ్బున్నవాడు నెలాఖరున లెక్క చూసి ఇస్తాడు. ఇది అలా కాదు. పొయ్యి మీద పెట్టకముందే తీయాలి. పైగా ఇస్తున్న చేయి ఆ ఇంట్లో జీతం లేనిది, పేరు మీద భూమి లేనిది. చందాల పుస్తకంలో పేరెక్కని మనిషి రోజుకు రెండుసార్లు దాత అయిపోతుంది. ఖాసీ కొండల క్రైస్తవుల్లోనూ ఈ అలవాటు ఉంది. మన పల్లెల్లో ఉన్నదని చెప్పానుగా. కానీ దీన్ని ఇంత పెద్ద వ్యవస్థగా మార్చింది మిజో ఆడవాళ్లే.

ఆ వ్యవస్థ ఎంత పెద్దదో తెలియాలంటే ఒక వారం ఇక్కడ గడపాలి. ఒక రాత్రి యువజనులది, మరో రాత్రి మహిళలది, వారం మధ్యలో అందరి ప్రార్థన, శనివారం రాత్రి మళ్లీ ఆరాధన. ఆదివారం సంగతి వేరే చెప్పాలా? పొద్దున సండే స్కూలు, అదీ పిల్లలకే కాదు, తాతలకూ ఉంది. తర్వాత మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. ఆ రోజు బజార్లకు తాళాలు. పువాన్ కట్టిన ఆడవాళ్లు, సూటేసిన మగవాళ్లు నిట్టనిలువు మెట్ల మీద బారులు తీరి నడుస్తుంటారు. 2023 అసెంబ్లీ ఎన్నికల ఓట్ల లెక్కింపు డిసెంబరు 3న జరగాల్సింది. ఆ రోజు ఆదివారం కావడంతో మిజోరం వరకూ ఒకరోజు వెనక్కి జరిపారు. ఎన్నికల ఖర్చుల మీద కన్నేసి ఉంచే మిజోరం పీపుల్స్ ఫోరం కూడా చర్చిల చొరవతో 2006లో పుట్టిందే. పెద్ద పెద్ద కటౌట్లు, విందులు ఇక్కడ సాగవు. మన ఎన్నికలు చూసినవాడికి ఇది వేరే దేశంలా కనిపిస్తుంది.

ఆ రాత్రి ఆవిడ వెంట గుడికి వెళ్లాను. వేదిక ముందు డోలు. మొదట్లో మిషనరీలకు అది నచ్చలేదు, పాత మతం వాసన అన్నారు. 1906 నుంచి అలలు అలలుగా వచ్చిన ఉజ్జీవాల తర్వాత డోలు గుడిలోకి నడిచొచ్చింది. డోలు దెబ్బ నెమ్మదిగా పడుతుంటే జనం నాలుగు గొంతుల్లో పాడుతున్నారు. నాకు అర్థమైన మాట ఒక్కటీ లేదు. నా పక్కన కూర్చున్న ముసలాయన పాటల పుస్తకాన్ని నా వైపు తిప్పి, వేలితో వరస చూపిస్తూ పోయాడు. చదవడం రాదని చెప్పడానికి మొహమాటపడి పెదవులు కదిలించాను.

అందరూ అంత ఇష్టంగానే వస్తారా? టాక్సీ నడిపిన కుర్రాడికి ఇరవయ్యారేళ్లు. సంఘం గాయక బృందంలో ఉన్నాడు. ‘పదిలో ఒక వంతు ఇవ్వాలి. అది కాక మిషన్‌కు, గుడి కట్టడానికి, సభలకు. మా సంఘంలో ఏడాది చివర ఎవరెంత ఇచ్చారో అచ్చు వేస్తారు సార్. కిస్తీ కట్టలేకపోయిన నెల కూడా నేను ఇచ్చాను. దేవుడికి భయపడి కాదు, ఆ పుస్తకానికి భయపడి’ అన్నాడు. కాసేపాగి, ‘నాన్న పోయినప్పుడు మాత్రం మూడు రాత్రులు కాలనీ కుర్రాళ్లంతా మా ఇంట్లోనే ఉన్నారు. గొయ్యి తవ్వింది వాళ్లే. నేను ఒక్క రూపాయి తీయలేదు’ అని తనే కలిపాడు. రెండు మాటలూ నిజమే. కొండ మీద ఒంటరిగా బతకడం కుదరదు. కలిసి బతకాలంటే కొంత ఒదిగి ఉండాలి. ఒదగనివాళ్లను కొండ ఎలా చూస్తుందన్నది వేరే కథ. మద్యం మీద 1997లో నిషేధం వచ్చింది, 2015లో సడలింది, 2019లో తిరిగి బిగిసింది. ఆ మధ్యకాలమంతా దొంగ సారా ఆగిందీ లేదు. 1997లో బ్రూ తెగవాళ్లు వేల సంఖ్యలో త్రిపురకు పారిపోయి రెండు దశాబ్దాలు శిబిరాల్లో మగ్గారు. 2020 ఒప్పందంతో అక్కడే స్థిరపడే వీలు దొరికింది. తనవాళ్లను గట్టిగా కావలించుకునే సమాజం కానివాళ్లను ఏం చేస్తుందో ఆ శిబిరాలకు తెలుసు.

మరో నిజం కూడా రాయాలి. 2021 ఫిబ్రవరిలో మయన్మార్ సైన్యం అధికారం లాక్కున్నాక చిన్ తెగవాళ్లు వేలాదిగా సరిహద్దు నది దాటి వచ్చారు. వాళ్లను ఆపమని ఢిల్లీ చెప్పింది. మిజోరం ఆపలేదు. 2023లో మణిపుర్ మంటల నుంచి కుకీ-జోలు పన్నెండు వేల మందికి పైగా వచ్చారు. చర్చిలూ, యంగ్ మిజో అసోసియేషనూ బట్టలు, బియ్యం, రేకులు పోగుచేశాయి. వచ్చినవాళ్లు రక్తబంధువులే కదా అనొచ్చు. బంధువుకైనా ఇన్ని నెలలు అన్నం పెట్టడం ఎంత కష్టమో ఇల్లు నడిపే ఎవరినైనా అడగండి. పైగా ఈ రాష్ట్రంలో పండే వరి తమకే చాలదు. చాలా ఇళ్లలో ఎర్రమూత డబ్బాలో పడేది బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన బియ్యమే.

డబ్బా పట్టుకుపోయేవాళ్ల కోసం మర్నాడు ఎదురుచూశాను. ఇద్దరు ఆడవాళ్లు సంచులతో మెట్లెక్కి వచ్చారు. ఒకరు బియ్యం తీసుకున్నారు, ఇంకొకరు పుస్తకంలో రాసుకున్నారు. అయిదు నిమిషాల పని. అందులో సగం మోకాళ్ల నొప్పుల గురించే. ఈ పిడికిళ్లన్నీ కలిసి ఎవరి జీతమవ్వాలో, ఏ కట్టడమవ్వాలో తేల్చే పెద్దల బల్ల మీద వందేళ్లకు పైగా మగవాళ్లే ఎక్కువ. ఆ మాటే అడిగాను. పుస్తకం పట్టుకున్నావిడ ఆవిడ వైపు చూసింది. ఇద్దరూ మిజోలో ఏదో అనుకుని పగలబడి నవ్వారు. నాకు అనువదించలేదు.

ఇంటావిడ కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ మిజోల ప్రార్థన కూటం ఉందిగానీ అతను వెళ్లడం మానేశాడట. ‘వాడు వండుకోడు, తెప్పించుకుంటాడు. ఇంక దేంట్లోంచి తీస్తాడు?’ అంది. కోపంగా అనలేదు, లెక్క చెబుతున్నట్టు అంది. నేను మా అమ్మమ్మ ముంత సంగతి చెప్పాను. ఆవిడ వెంటనే, ‘ఇప్పుడెవరు వేస్తున్నారు?’ అని అడిగింది. ఎవరూ వేయడం లేదని చెప్పాను. ‘ముంత ఉందా?’ అంది. అదీ లేదు. ఊరి ఇల్లు అమ్మినప్పుడు ఏమైందో ఎవరికీ గుర్తులేదు. ఆవిడ ఇంకేమీ అడక్కుండా టీ పోసింది.

బయల్దేరే రోజు పొద్దున్నే అన్నం పెట్టింది. ఇక్కడ పొద్దుటి భోజనమూ అన్నమే, ఉడికించిన ఆకుకూర ‘బాయ్’తో. వంటింట్లో నేను పక్కనే నిలబడి ఉన్నాను. బియ్యం కొలిచింది, చేయి పెట్టింది, పిడికెడు డబ్బాలో వేసింది. ఒక క్షణం ఆగి, మళ్లీ చేయి పెట్టి ఇంకో పిడికెడు తీసింది.

‘రెండోది దేనికి, కా పీ?’

‘మీరు కూడా తింటున్నారు కదా’ అని డబ్బా మూత బిగించింది. పైన రోడ్డు మీద సైరాంగ్ టాక్సీ ఆగిన చప్పుడైంది. ఇక్కడ హారన్ కొట్టరు. తలుపు తీసిన శబ్దం విని మనమే వెళ్లాలి.