దప్పిక తీరని బండి

తెల్లవారగానే బండి క్రిందికి వంగి నేలను పరికించడం కలకత్తాలో పాత అంబాసిడరు తోలేవానికి నిత్యకృత్యం. నల్లని చుక్క కనబడితే అది నూనె. దానికతడు అంతగా కలత చెందడు. తుప్పురంగు తడి కనబడితే మాత్రం ఒక క్షణం ఆగుతాడు. ఆగి, డిక్కీలోని డబ్బా తీసి, రేడియేటరు నిండా నీరు పోసి బయలుదేరుతాడు. ఇట్లా వారాలు గడుస్తాయి. నీరు పోయడం సులభం, కారణం వెదకడమే భయం. దొరికే కారణం చిన్నదే అయి ఉండాలని లేదు గదా!

ఆ భయం ఊరక పుట్టినది కాదు. హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడా కర్మాగారంలో అర్ధశతాబ్దికి పైగా తయారైన అంబాసిడరు 2014 మే నెలలో నిలిచిపోయింది. పదునైదేండ్లు దాటిన వ్యాపార వాహనాలను మహానగరంనుంచి తొలగించవలెనని ఉన్నత న్యాయస్థానం 2008లో ఆదేశించింది. ఆ లెక్కన చివర పుట్టిన టాక్సీకి సైతం 2029 దాటి ఆయువు లేదు. కొద్ది ఏండ్ల బ్రతుకు మిగిలిన బండికి ఇంజను విప్పించే ఖర్చు పెట్టడమా? పెట్టక, అది ఒకసారి బాగా కాగి హెడ్డు వంగిందంటే ఆ కొద్ది ఏండ్లూ దక్కవు.

సుబోధ్ ఘోష్ వ్రాసిన ‘అయాంత్రిక్’ కథను ఋత్విక్ ఘటక్ 1958లో చలనచిత్రంగా తీశాడు. అందులో బిమల్ అనే డ్రైవరు డొక్కు కారు జగద్దల్. రేడియేటరులో నీరు పోస్తే అది దాహంగొన్న జీవివలె గటగట త్రాగుతుంది. ప్రేక్షకులు నవ్వుతారు, మిస్త్రీ మాత్రం నవ్వడు. ఇంజను నీటిని త్రాగదు. ఒకే నీరు ఇంజనులో వేడెక్కి, రేడియేటరులో చల్లబడి, మరల తిరుగుతూ ఉండవలె. రోజూ దప్పిక అంటున్నదంటే ఎక్కడో కారుతున్నదన్నమాట.

మిస్త్రీ తొందరపడడు. బండి వేడిగా ఉన్నంతసేపు మూత తీయనివ్వడు. మూతలోని స్ప్రింగు ఒత్తిడిని బిగబట్టి ఉంచడంచేతనే నీరు నూరు డిగ్రీలు దాటినా మరగక నిలుస్తుంది. మూత వదలిన క్షణాన ముఖానికి ఎగసి వస్తుంది. చల్లారిన పిమ్మట మొదట ఆ మూత రబ్బరునే చూస్తాడు. అంత చిన్న వస్తువు పాడై నీరంతా ఆవిరిగా పోవడం అరుదు కాదు. తరువాత రబ్బరు గొట్టాలను వేళ్లతో నొక్కుతాడు. ఉబ్బి మెత్తబడినదీ, ఎండి పగిలినదీ చేతికే తెలుస్తాయి. నీటి పంపు క్రింద చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. లోపలి సీలు అరిగితే బొట్లు పడి తెలియడానికి తయారుచేసినవారే పెట్టిన రంధ్రం అది. దానిని మూసివేసి రోగం కుదిరిందనుకొన్న మహానుభావులూ లేకపోలేదు.

బయట ఎక్కడా తడి లేకుండా నీరు తగ్గుతున్నప్పుడే మిస్త్రీ ముఖం మారుతుంది. కడ్డీ తీసి నూనె చూస్తాడు. అది పాలు కలిపిన తేనీరువలె ఉన్నా, మూత తీసి ఇంజను నడిపినప్పుడు ఎడతెగక బుడగలు వచ్చినా, హెడ్ గాస్కెట్టు పోయినదని అనుమానించవలసిందే. డ్రైవరు ఇన్నాళ్లూ వినకుండా తప్పించుకొన్నది ఆ మాటనే.

అంతదూరం పోని జబ్బే ఎక్కువ. రాగి, ఇత్తడి రేడియేటరును విప్పి, మూతులు బిగించి, గాలి ఎక్కించి, పంక్చరైన సైకిలు ట్యూబువలె తొట్టిలో ముంచుతారు. బుడగ లేచినచోట గీకి, ఆమ్లంతో శుభ్రపరచి, టంకంతో మాటు వేస్తారు. సన్నని లోపలి గొట్టాలు మట్టితో పూడి ఉంటే మాటు వేసినా బండి కాగుతూనే ఉంటుంది. వీధులు కడగడానికి హుగ్లీ నీటిని వడపోయకుండానే పంపే ఏర్పాటు యీ నగరంలో ఆంగ్లేయుల కాలంనాటిది. చేతికందిన నీరల్లా రేడియేటరుకు పనికిరాదు. గంగ తెచ్చే ఒండ్రు పొలానికి మేలు. దుకాణంలో అమ్మే పచ్చని కూలెంటు పోయమంటే, మంచు పడని ఊళ్లో అదెందుకని డ్రైవరు అడుగుతాడు. చలికి కాదు, తుప్పుకు.

“ఎన్నాళ్లు వస్తుంది?” అన్నది అతని చివరి ప్రశ్న.

“నీ పర్మిటు ఎన్నాళ్లున్నది, దాదా?” అని మిస్త్రీ ఎదురడుగుతాడు. ఆరు నెలలైతే మాటు చాలునంటాడు. మూడేండ్లయితే మల్లిక్ బజారుకు పోయి మంచి పాత రేడియేటరు వెదకమంటాడు. తుక్కుకు పోయిన టాక్సీలు అనేకం. వాటినుంచి ఊడదీసినది ఏదో ఒకటి దొరకకపోదు.