రెసిడెన్సీ ఫలకంపై ఆమె ఏదీ?

హైదరాబాద్ కోఠీ చౌరస్తా రద్దీ దాటి లోపలికెళ్తే మెట్లకు ఇరువైపులా సింహాలు, పైన ఎత్తయిన స్తంభాలు. ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ ఇది. 1803 ప్రాంతంలో పనులు మొదలుపెట్టించిన జేమ్స్ కిర్క్‌పాట్రిక్ 1805లోనే మరణించాడు. భార్య ఖైరున్నీసా కోసం ఆయన కట్టించిన రంగమహల్‌ను 19వ శతాబ్దంలోనే కూల్చేశారు. చరిత్ర ఫలకం రాసేవారికి చిక్కు ఇక్కడే. లాలా దీన్‌దయాళ్ ఫొటోలు, 1912-15 మధ్య లెనార్డ్ మన్ తయారుచేయించిన నగర పటాలు ఆ మహల్ నేలమట్టమయ్యాకే వచ్చాయి. దాని ఆనవాళ్లకు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ భద్రపరచిన కిర్క్‌పాట్రిక్ పత్రాలు తిరగేయాలి. ఫొటో దొరికిన కట్టడం గురించే రాస్తే ఖైరున్నీసా మరోసారి కనుమరుగవుతుంది. ఇప్పుడిక్కడ ఉన్నది చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయం. ఆమె ఇల్లు ఎక్కడుండేదో ఇక్కడి విద్యార్థినులకైనా ఆ ఫలకం చెప్పాలి.